డ్రోన్ కంపనాల విశ్లేషణ: సగటుతో రొద తగ్గించే పద్ధతులు

ఎగురుతున్న డ్రోన్‌లో గైరో, యాక్సిలరోమీటరు నమోదు చేసే కంపనాలను పౌనఃపున్యాలుగా విడదీసి చూస్తే ఏ మోటారు అదురుతోందో, ఏ రెక్క బరువు తప్పిందో, ఫ్రేము ఎక్కడ అనునాదంలో పడుతోందో తెలుస్తుంది. అలా విడదీసిన వర్ణపటం ఎప్పుడూ శుభ్రంగా రాదు. అసలు మొనల చుట్టూ గడ్డి మొలిచినట్టు రొద ఉంటుంది. రికార్డును అనేక ముక్కలు చేసి, వాటి ఫలితాలను కలిపి సగటు తీసి ఆ రొదను అదుపులోకి తేవడమే సంకేతాల సగటు. ఇందులో రెండు దారులున్నాయి. ముక్కల శక్తి వర్ణపటాలను సగటు తీయడం మొదటిది. దీనితో రొద ఊగిసలాట తగ్గుతుంది, దాని మట్టం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మోటారు చుట్టుతో తాళం కలిపి తరంగాలనే సగటు తీయడం రెండోది. దీనితో రొద మట్టమే కిందికి దిగుతుంది. డ్రోన్ లాగులు చదివేవారికి ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్ల వచ్చేవే.

కంపనాల మూలాలు

మోటారు నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 200 చుట్లు. మోటారులోగాని ప్రొపెల్లరులోగాని బరువు ఒక పక్కకు ఒరిగి ఉంటే చుట్టుకొక్క కుదుపు వస్తుంది, అంటే 200 హెర్ట్జ్ దగ్గర మొన కనిపిస్తుంది. ప్రొపెల్లరుకు మూడు రెక్కలుంటే, ఒక్కో రెక్క డ్రోన్ చేతి మీదుగా దాటినప్పుడల్లా గాలి కొట్టే దెబ్బ 600 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఐదంగుళాల ప్రొపెల్లర్ల రేసింగ్ డ్రోన్లలో పూర్తి థ్రాటిల్ మీద వేగం నిమిషానికి 25,000 చుట్లు దాటుతుంది. పెద్ద రెక్కల వ్యవసాయ డ్రోన్లు నెమ్మదిగా తిరుగుతాయి. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర మొదటి మొన 50 హెర్ట్జ్‌కు, రెండు రెక్కల దెబ్బ 100కు వస్తాయి. వీటికి తోడు చేతులు, కాళ్లు, బ్యాటరీ పట్టీ, కెమెరా గింబల్ తమ తమ సహజ పౌనఃపున్యాల దగ్గర అదురుతాయి. మోటారు వేగం మారినా ఇవి చోటు మార్చవు. మొన వేగంతో పాటు కదిలితే తిరిగే భాగాన్ని, కదలకపోతే ఫ్రేమును అనుమానించాలి.

ఇదే లెక్క అంగారకుడి మీదా పనిచేసింది. 2021 ఏప్రిల్ 30న ఇన్‌జెన్యుయిటీ హెలికాప్టరు నాలుగోసారి ఎగిరినప్పుడు, అది లేచిన చోటుకు సుమారు 80 మీటర్ల దూరంలో ఆగి ఉన్న పర్సెవరెన్స్ రోవరు మైక్రోఫోనుకు 84 హెర్ట్జ్ గుంజారం చిక్కింది. నిమిషానికి 2,537 చుట్లను రెండు రెక్కలతో హెచ్చవేసి 60తో భాగిస్తే వచ్చేది సుమారుగా ఆ అంకే. ఎక్కడ వెతకాలో ముందే తెలుసు కాబట్టి నాసా బృందం 80కి కింద, 90కి పైన ఉన్న ధ్వనులను తగ్గించి ఆ గుంజారాన్ని వినిపించేలా చేసింది. అది వడపోత, సగటు కాదు. కానీ వెతికే పౌనఃపున్యం ముందుగా తెలిసి ఉండటం ఎంత పెద్ద మేలో అందులో కనిపిస్తుంది.

ఏది రొద?

ఫ్లైట్ కంట్రోలరు దృష్టిలో మోటారు కంపనమే రొద. డ్రోన్ ఎటు ఒరిగిందో దానికి కావాలి, 200 హెర్ట్జ్ అదురు అక్కర్లేదు. విశ్లేషకుడి సంగతి తలకిందులు. ఆయనకు ఆ అదురే సమాచారం, దాన్ని కప్పేసేది రొద. సెన్సారు సొంత రొద ఇందులో చిన్న భాగం. చాలాకాలం డ్రోన్లలో రాజ్యమేలిన ఎంపీయూ-6000 చిప్పు గైరో రొద, తయారీదారు పత్రం ప్రకారం, ఒక హెర్ట్జ్ వర్గమూలానికి సెకనుకు 0.005 డిగ్రీలు. తర్వాత వచ్చిన ఐసీఎం-42688-పి లో అది 0.0028. ఎగిరే డ్రోన్ వర్ణపటంలో కనిపించే అడుగు మట్టం సాధారణంగా వీటికి చాలా పైన ఉంటుంది. రెక్కల కింద చిందరవందరయ్యే గాలి, ఆ గాలి చేతులకు తగలడం, బయటి ఈదురు, నియంత్రణ లూపు చేసే చిన్న చిన్న దిద్దుబాట్లు అన్నీ విశాలమైన పట్టీలో పరుచుకుని ఆ మట్టాన్ని పైకి లేపుతాయి. అందుకే ఖరీదైన సెన్సారు పెట్టినంత మాత్రాన గాలిలో తీసిన వర్ణపటం శుభ్రపడదు.

ఒక్క వర్ణపటాన్ని ఎందుకు నమ్మకూడదు

ఆర్థర్ షుస్టర్ 1898లో పీరియడోగ్రామ్‌ను, అంటే మొత్తం రికార్డు నుంచి ఒకేసారి తీసే శక్తి వర్ణపటాన్ని, ప్రతిపాదించాడు. దత్తాంశంలో దాగిన ఆవృత్తులను వెతకడానికి అది బ్రహ్మాండమైన సాధనం, ఒక పెద్ద లోపంతో. రికార్డు పొడవు పెంచితే పౌనఃపున్య విభజన మెరుగవుతుంది తప్ప వర్ణపటంలోని ఒక్కో పౌనఃపున్యపు గడిలో అంచనా స్థిరపడదు. యాదృచ్ఛిక రొద విషయంలో ఆ అంచనా ప్రామాణిక విచలనం అసలు విలువకు సమానంగానే ఉండిపోతుంది. డెసిబెల్‌లలో చెబితే సుమారు 5.6. ఒక నిమిషం లాగు మొత్తాన్ని ఒకే ఎఫ్‌ఎఫ్‌టీ (వేగవంతమైన ఫోరియర్ పద్ధతి)లో వేసినా, సెకను ముక్క వేసినా గడ్డి ఎత్తు అంతే. పొడవైన రికార్డులో అది మరింత సన్నగా, దట్టంగా మొలుస్తుంది, అంతే తేడా. కొత్తగా లాగులు చూసేవారు ఆ గడ్డిలోంచి పైకి పొడుచుకొచ్చిన పోచను మోటారు లోపమనుకుని బేరింగులు మార్చేది ఇక్కడే.

దీనికి విరుగుడు బార్ట్‌లెట్ 1948లో చూపించాడు: రికార్డును సమాన ముక్కలు చేసి, ఒక్కోదాని శక్తి వర్ణపటం తీసి, వాటిని సగటు చెయ్యాలి. ముక్కలు ఎన్నుంటే విస్తృతి అన్నో వంతుకు, విచలనం ఆ సంఖ్య వర్గమూలం వంతుకు తగ్గుతాయి. 1965లో కూలీ, టూకీల వేగవంతమైన ఫోరియర్ పద్ధతి వచ్చాక, ఐబీఎం వాట్సన్ పరిశోధన కేంద్రంలో పనిచేసే పీటర్ వెల్చ్ 1967లో నాలుగు పేజీల వ్యాసంలో ఈ ఆలోచనకు రెండు మెరుగులు దిద్దాడు. ముక్క అంచులను విండోతో మెల్లగా సున్నాకు దించడం ఒకటి, ముక్కలను ఒకదాని మీదకొకటి సగం వరకు జరిపి తీసుకోవడం రెండోది. విండో అంచుల దగ్గరి నమూనాలకు విలువ తగ్గిస్తుంది. పక్క ముక్కలో అవే నమూనాలు నడిమికి వస్తాయి కాబట్టి పోయిన సమాచారం చాలావరకు తిరిగి దక్కుతుంది. ఇప్పుడు డ్రోన్ లాగు సాఫ్ట్‌వేర్లలో శక్తి సాంద్రత వర్ణపటం అని కనిపించేది ఎక్కువగా ఈ వెల్చ్ పద్ధతే.

ఒక లెక్క చూద్దాం. సెకనుకు 4,000 నమూనాల గైరో లాగు, నిలకడగా 60 సెకన్లు. మొత్తం 2,40,000 నమూనాలు. 1,024 నమూనాల ముక్కలైతే విడివిడిగా 234 వస్తాయి. ఒక్కో గడిలో విచలనం 100 శాతం నుంచి 6.5 శాతానికి పడిపోతుంది, అంటే సుమారు 0.3 డెసిబెల్. హాన్ విండోతో సగం సగం జరిపితే ముక్కలు 467 అవుతాయి. పక్క ముక్కల మధ్య కొద్దిపాటి సంబంధం మిగిలినా విచలనం 5 శాతం లోపుకు చేరుతుంది. సగానికి మించి జరిపినా హాన్ విండోతో పెద్దగా లాభం ఉండదు, కంప్యూటరుకు పని పెరగడం తప్ప.

ఈ సగటు చేసేదేమిటో, చెయ్యనిదేమిటో ఇక్కడ ఆగి చూడాలి. గడ్డి చదునైంది, నేల మాత్రం దిగలేదు. ముక్కలు 234 కాకుండా 23,400 తీసినా రొద మట్టం అదే గీత మీద ఉంటుంది, ఆ గీత ఇంకా నున్నగా అవుతుంది. మట్టం కింద మునిగిన బలహీనమైన మొన పైకి రాదు. మట్టం కన్నా కొంచెమే ఎత్తున్న మొనను మాత్రం ఇప్పుడు ధైర్యంగా మొన అనగలం.

ముక్క పొడవు

మునిగిన మొనను తేల్చాలంటే ముక్క పొడవు పెంచాలి. ముక్క రెట్టింపైతే గడి వెడల్పు సగమవుతుంది, ఆ గడిలో పడే రొద శక్తి సగమవుతుంది, స్థిరమైన స్వరం మాత్రం తన శక్తినంతా ఒకే చోట ఉంచుకుంటుంది. స్వరానికి రొదకు మధ్య 3 డెసిబెల్ దూరం పెరుగుతుంది. అదే రికార్డులో ముక్కల సంఖ్య సగమవుతుంది కాబట్టి గడ్డి మళ్లీ కొంత లేస్తుంది. కాగితం మీద ఇది తేలికైన బేరం. డ్రోన్ దగ్గరికి వచ్చేసరికి ఇంకో షరతు అడ్డొస్తుంది: స్వరం నిజంగా స్థిరంగా ఉండాలి.

అది ఉండదు. గాలి తెర తగిలిన ప్రతిసారీ కంట్రోలరు నాలుగు మోటార్ల వేగాలనూ విడివిడిగా మారుస్తుంది. బ్యాటరీ దిగుతుంది. ఆంధ్ర, తెలంగాణ పొలాల్లో, నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాల చేతుల్లో మందు కొట్టే డ్రోన్లను తీసుకుంటే ఎగురుతుండగానే బరువు దిగుతుంది. నిలబడి ఎగరడానికి కావలసిన మోటారు వేగం బరువు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 24 కిలోలతో లేచిన డ్రోన్ 10 లీటర్ల మందు చల్లేసరికి సుమారు 14 కిలోలకు వస్తుంది. మొదట 50 హెర్ట్జ్ దగ్గరున్న మొన చివరికి 38కి జారుతుంది. ఆ మొత్తం లాగును కలిపి సగటు తీస్తే మొనకు బదులు 12 హెర్ట్జ్ వెడల్పున ఒక మెత్తని దిబ్బ మిగులుతుంది. దాన్ని చూసి మోటార్లన్నీ బాగున్నాయనుకునే ప్రమాదముంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పటి లాగును, ఖాళీ అయినప్పటి లాగును వేరువేరుగా సగటు తీయడమే మేలు.

అన్ని రకాల డ్రోన్లకూ పనికొచ్చే ఉపాయం, థ్రాటిల్‌ను బట్టి ముక్కలను వర్గాలుగా విడదీసి ఒక్కో వర్గంలో సగటు తీయడం. బీటాఫ్లైట్ బ్లాక్‌బాక్స్ ఎక్స్‌ప్లోరరులో కనిపించే థ్రాటిల్-పౌనఃపున్యం రంగుల పటం అలాంటిదే. అందులో మోటారు మొనలు ఏటవాలు గీతలుగా, ఫ్రేము అనునాదాలు నిట్టనిలువు గీతలుగా తేలతాయి. చూసిన మరుక్షణమే రోగమెక్కడో చెప్పే పటం కాబట్టి, నా ఉద్దేశంలో, ఒంటరి సగటు వర్ణపటం కన్నా ముందు దీన్నే తెరవాలి.

కొలమానం విషయంలోనూ జాగ్రత్త కావాలి. శక్తి సాంద్రతగా గీస్తే ముక్క పొడవు మార్చినా రొద మట్టం మారదు, మొన ఎత్తు మారుతుంది. కంపన పరిమితిగా గీస్తే మొన నిలుస్తుంది, మట్టం కదులుతుంది. ఒకే డ్రోన్‌వి రెండు లాగులు పోల్చేటప్పుడు ముక్క పొడవు, విండో, కొలమానం మూడూ ఒకటే అయి ఉండాలి.

దేని సగటు?

శక్తిని సగటు తీసి ఆ తర్వాత డెసిబెల్‌లలోకి మార్చాలి. వరస తిరగేసి డెసిబెల్‌లనే సగటు తీస్తే రొద మట్టం 2.5 డెసిబెల్ తక్కువగా వస్తుంది, స్వరాలు అంతగా దిగవు. తెర మీద బొమ్మ అందంగా, లెక్క తప్పుగా ఉంటుంది. గరిష్ఠ విలువలను పట్టి ఉంచే పద్ధతి సగటుకు ప్రత్యామ్నాయం కాదు. అది రొదలోని అరుదైన ఎత్తులన్నిటినీ పోగేస్తుంది.

మధ్యగతం వేరే సంగతి. ల్యాండింగు కుదుపు, కొమ్మ తగలడం, ఒక్క పెద్ద గాలి తెర లాంటివి రెండు మూడు ముక్కలను పాడు చేస్తే మామూలు సగటు మొత్తం చెడుతుంది. గడి గడికీ మధ్యగతం తీసుకుంటే ఆ ముక్కల ప్రభావం దాదాపు పోతుంది. రొదకు మధ్యగతం సగటు కన్నా 1.6 డెసిబెల్ తక్కువ ఉంటుంది కాబట్టి ఆ మేరకు సరిదిద్దుకోవాలి. గురుత్వ తరంగాల డిటెక్టర్ల రొదను అంచనా వేసేవారు చాలాకాలంగా ఈ పద్ధతి వాడుతున్నారు. డ్రోన్ లాగులకూ ఇది చక్కగా నప్పుతుంది.

చుట్టుతో తాళం కలిపిన సగటు

రొద మట్టాన్నే దించే దారి కాలంలో తీసే సగటు. లండన్‌లో జార్జ్ డాసన్ 1950ల తొలినాళ్లలో నరాల స్పందనలను మెదడు విద్యుత్తు సందడిలోంచి ఇలాగే బయటికి తీశాడు. ప్రేరణ ఇచ్చిన ప్రతిసారీ వచ్చిన తరంగాలను ఒకదానిపై ఒకటి పేర్చితే స్పందన కూడుకుంటుంది, మిగతాది చెదిరిపోతుంది. యంత్రాల కంపనాలకు సంబంధించి బ్రౌన్ 1975లో ఈ పద్ధతి సిద్ధాంతాన్ని వివరించాడు. హెలికాప్టరు గేర్‌బాక్సుల పళ్లలో పగుళ్లు పట్టడానికి ఇది ప్రామాణిక సాధనమైంది. జాతరలో చెక్కభజన దరువు దూరం నుంచీ వినిపించడం, జనం మాటలు కలిసి ఒట్టి గోలగా మిగలడం ఇలాంటిదే.

ప్రతి చుట్టుకూ సంబంధించిన తరంగ ఖండాన్ని తీసి, చుట్టు మొదళ్లు ఒకేచోట వచ్చేలా పేర్చి, కూడి, సంఖ్యతో భాగించాలి. వంద చుట్ల సగటుతో తాళం లేని రొద కంపన పరిమితి పదో వంతుకు, అంటే 20 డెసిబెల్ కిందికి దిగుతుంది. సెకనుకు 200 చుట్ల మోటారుకు దీనికి పట్టేది అర సెకను.

డ్రోన్‌కు ఇందులో ఇంకో పెద్ద లాభముంది. నాలుగు మోటార్లూ ఒకే ఫ్రేముకు బిగించి ఉన్నా వాటి వేగాలు సరిగ్గా ఒకటి కావు. బ్యాటరీ కొద్దిగా వెనక్కి జరిగినా, ఒక చేయి కాస్త మెలి తిరిగినా తేడా వస్తుంది. ఒక మోటారు సెకనుకు 100 చుట్లు, ఇంకొకటి 102 చుట్లు తిరుగుతుంటే, పై ఉదాహరణలోని 1,024 నమూనాల ముక్కలో గడి వెడల్పు 3.9 హెర్ట్జ్ కాబట్టి రెండూ ఒకే మొనగా కలిసిపోతాయి. మొదటి మోటారు తాళంతో 50 చుట్లు సగటు తీస్తే రెండోది సరిగ్గా సున్నా దగ్గర పడి మాయమవుతుంది. ఇలా నాలుగు మోటార్లకూ విడివిడిగా నాలుగు సగటులు తీసి, బరువు తప్పిన ప్రొపెల్లరు ఏ చేతి మీదుందో ఒకే ఐఎంయూ (గైరో, యాక్సిలరోమీటరు ఉన్న చిప్పు) రికార్డుతో చెప్పవచ్చు.

కావలసింది మోటారు కోణం. హెలికాప్టర్లలో చుట్టుకొక పల్స్ ఇచ్చే టాకోమీటరు ఉంటుంది. చిన్న డ్రోన్లలో రెండువైపుల డీషాట్ ప్రోటోకాల్ ద్వారా, మోటారును నడిపే ఈఎస్‌సీ పంపే వేగం మాత్రమే దొరుకుతుంది. అది విద్యుత్ చుట్ల లెక్క. 14 ధ్రువాల మోటారుకు దాన్ని 7తో భాగిస్తే అసలు చుట్లు వస్తాయి. వేగాన్ని కాలంతో కూడుతూ పోతే కోణం వస్తుంది గాని చిన్న పొరపాట్లు కూడా పోగవుతాయి. చుట్టు మొదలు ఎక్కడో 0.2 మిల్లీసెకన్ల విచలనంతో తెలిస్తే 200 హెర్ట్జ్ స్వరం 3 శాతమే తగ్గుతుంది, 600 హెర్ట్జ్ స్వరం పావు వంతు పోతుంది. అందువల్ల గాలిలో తక్కువ చుట్ల సగటులే నమ్మదగినవి. బెంచి మీద మోటారు తిరిగే పై డొల్లకు వెలుగును తిప్పికొట్టే టేపు ముక్క అంటించి ఆప్టికల్ సెన్సారు పెడితే ఈ ఇబ్బంది ఉండదు. వేగం మారుతూ ఉంటే నమూనాలను సమాన కాలానికి బదులు సమాన కోణాల దగ్గరికి మార్చుకుని సగటు తీస్తారు. అప్పుడు పౌనఃపున్యం అక్షం స్థానంలో చుట్టుకు ఎన్నిసార్లు అనే అక్షం వస్తుంది. మందు డ్రోన్‌లో 50 నుంచి 38కి జారిన మొన ఈ అక్షం మీద ఒకటి దగ్గరే నిలబడుతుంది.

రెండు సెన్సార్లుంటే

ఇప్పటి చాలా ఫ్లైట్ కంట్రోలర్లలో రెండు మూడు ఐఎంయూలు ఉంటాయి. వాటి సంకేతాలను నేరుగా సగటు తీస్తే సెన్సార్ల సొంత రొద తగ్గుతుంది, ఉమ్మడిగా తగిలే గాలి రొద తగ్గదు. రెండు సంకేతాలను కలిపి లెక్కించే పరస్పర వర్ణపటాన్ని సగటు తీస్తే రెండింటికీ ఉమ్మడిగా లేని భాగం ముక్కలు పెరిగే కొద్దీ సున్నా వైపు జారుతుంది. దీనితోపాటు చూసే, రెండు సంకేతాలు ఎంతగా కలిసి నడుస్తున్నాయో చెప్పే కోహెరెన్స్ విలువను ఒక్క ముక్కతో లెక్కిస్తే, సంకేతాలు ఏవైనా సరే, ప్రతి పౌనఃపున్యం దగ్గరా కచ్చితంగా ఒకటే వస్తుంది. సగటు లేకుండా ఆ అంకెకు అర్థమే లేదు.

ఎగురుతుండగా

గాలిలోనే విశ్లేషించి నాచ్ ఫిల్టరును (ఒక సన్నని పౌనఃపున్య పట్టీనే కోసే వడపోతను) జరపాలంటే నిమిషం పాటు పోగేసే తీరిక ఉండదు. ఆర్డుపైలట్ ఫ్లైట్ సాఫ్ట్‌వేరులోని ఎఫ్‌ఎఫ్‌టీకి, ఎన్ని ఎఫ్‌ఎఫ్‌టీ ఫ్రేములను (ముక్కల వర్ణపటాలను) నిలిపి సగటు తీయాలో చెప్పే పరామీటరు ఉంది. పాత విలువల బరువును క్రమంగా తగ్గించే ఘాతీయ సగటు మరో మార్గం. కొత్త ఫ్రేముకు పదో వంతు బరువిస్తే అది దాదాపు 19 ఫ్రేముల సగటుకు సమానం. సగటు పెరిగే కొద్దీ ఫిల్టరు ఆలస్యంగా మేలుకుంటుంది. థ్రాటిల్ ఒక్కసారిగా పెంచినప్పుడు మోటారు ముందు పోతుంది, నాచ్ వెనక పడుతుంది. మోటారు వేగాన్నే తీసుకుని నాచ్ పెట్టే ఆర్‌పీఎం ఫిల్టర్లు ఈ చిక్కును దాటేశాయి. వేగం నేరుగా తెలిసినచోట అంచనా వేయడం దండగ.

లాగు తీసే విధానమూ సగటును శాసిస్తుంది. ఆర్డుపైలట్ బ్యాచ్ లాగింగు 1,024 నమూనాల కట్టలుగా రాస్తుంది, కట్టకూ కట్టకూ మధ్య ఖాళీలుంటాయి. శక్తి సగటుకు అడ్డం లేదు గాని కట్టల సరిహద్దు దాటి ముక్కలను జరపకూడదు, చుట్టు తాళాన్ని ఖాళీ మీదుగా పొడిగించకూడదు.

సగటుకు లొంగనివి

యాక్సిలరోమీటరు కొలత పరిధి దాటి కోత పడితే కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. అవి ప్రతి ముక్కలోనూ ఉంటాయి కాబట్టి సగటు వాటిని చక్కగా భద్రపరుస్తుంది. ఆర్డుపైలట్ మార్గదర్శకాలు కంపన స్థాయి సెకను వర్గానికి 30 మీటర్ల లోపుంటే సాధారణంగా ఫర్వాలేదంటాయి, 60 దాటితే ఎత్తు, స్థానం నిలపడంలో దాదాపు ఎప్పుడూ ఇబ్బందే అంటాయి. అలాంటి డ్రోన్‌కు ముందు ప్రొపెల్లర్లు సరిచూసి, మరలు బిగించాలి. వదులైన మర అప్పుడప్పుడు మాత్రమే గిలగిలలాడితే సగటులో అది కరిగిపోతుంది కూడా. దాన్ని పట్టడానికి కాలంతో మారే స్పెక్ట్రోగ్రామే దిక్కు.

మడత పడిన పౌనఃపున్యాలు ఇంకా మోసకారివి. సెకనుకు 1,000 నమూనాలతో తీసిన లాగులో 600 హెర్ట్జ్ రెక్క దెబ్బ 400 దగ్గర కనిపిస్తుంది. ఎన్ని ముక్కలు సగటు తీస్తే అంత పదునుగా, అంత నమ్మకంగా కనిపిస్తుంది. అనుమానం వస్తే థ్రాటిల్ కొద్దిగా పెంచి చూడాలి. మోటారు వేగం పెరిగితే నిజమైన మొన పైకి పోతుంది. మడత పడిన ఈ మొన కిందికి దిగుతుంది.